కప్పు ఊరిది, కట్టు ఇంటిదా?

ఆటలో దెబ్బ తగిలి పిల్లవాడు ఆస్పత్రిలో చేరితే మొదటి రెండు రోజులు ఆ వార్డు ముందు నిలబడటానికి చోటుండదు. పీఈటీ సారు, హెడ్‌మాస్టరు, తోటి ఆటగాళ్లు, మేనమామలు, వీధివాళ్లు అందరూ వస్తారు. బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరిబోండాలు మంచం కింద పోగుపడతాయి. ఎవరో ఒక పెద్దమనిషి ఐదు వందల నోటు తల్లి చేతిలో పెట్టి, ధైర్యంగా ఉండమ్మా అని వెళ్తాడు. ఆ రాకలో ప్రేమ ఉంది, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ చేతి ఎముక అతకడానికే ఆరు వారాల దాకా పడుతుంది. తొడ ఎముకైతే రెండు మూడు నెలలు. మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేస్తే మళ్లీ మైదానంలో దిగడానికి తొమ్మిది నెలలైనా ఆగమంటారు. పిల్లల తొడ ఎముక నిలబడటానికి లోపల వేసిన టైటానియం కడ్డీలను సాధారణంగా ఆరు నెలలు, ఏడాది గడిచాక మళ్లీ మత్తిచ్చి తీస్తారు. ఎముక చివర పెరుగుదల జరిగే భాగం దెబ్బతింటే కాలు పొట్టి కావడమో వంకర తిరగడమో లేదని తేలేదాకా ఏడాదికి పైగా చూపించుకుంటూ ఉండాలి. అంటే ఆ కుటుంబం మీద అసలు బరువు పడేది జనం పలచబడ్డాకనే. మన సాయమంతా మొదటి వారంలో కుప్పపడి, ఆరో వారానికి అడుగంటిపోతోంది. జనానికి మనసు లేక ఇలా జరగడం లేదు. ఇది నా బాధ్యత అని నిలబడే వ్యక్తి గానీ సంస్థ గానీ లేక జరుగుతోంది. పిల్లవాణ్ణి ఆటకు పంపింది ఎవరో, ఆ బడి, ఆ అకాడమీ, ఆ పోటీ నిర్వహించిన సంఘం, వాడు తిరిగి బడిలో అడుగుపెట్టేదాకా ఆ ఇంటికి అండగా ఉండటం దయగా కాక విధిగా మారాలన్నది నా వాదన.

దీనికి మూలం చాలా సాదా న్యాయం. గెలుపును మనమంతా పంచుకుంటాం. నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు, 2023లో విశాఖ జ్యోతి యర్రాజీ ఆసియా అథ్లెటిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ స్వర్ణం తెచ్చినప్పుడు, 2025లో భద్రాచలం గొంగడి త్రిష అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టినప్పుడు అందరి నోటా వచ్చిన మాట ఒకటే, మన అమ్మాయి. 2014లో గురుకులంలో చదువుకుంటున్న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కితే ఆ కీర్తి బడికీ, శాఖకీ, రాష్ట్రానికీ దక్కింది, దక్కాలి కూడా. మండల స్థాయిలోనూ ఇదే తీరు. పిల్లలు గెలిచిన కప్పు ప్రిన్సిపల్ గదిలోని అద్దాల బీరువాలోకి వెళ్తుంది, వాళ్ల ఫొటో వచ్చే ఏడాది అడ్మిషన్ల కరపత్రం మీదికి ఎక్కుతుంది. అదే ఆటలో అదే పిల్ల చెయ్యి విరిగితే మాత్రం ‘మన’ పోయి ‘వాళ్ల’ అమ్మాయి అవుతుంది. పోటీలకు తీసుకెళ్లేముందు చాలాచోట్ల తల్లిదండ్రుల దగ్గర అంగీకార పత్రం రాయించుకుంటారు. పేరు, తరగతి, ఆట, వెళ్లే ఊరు అన్నీ రాశాక చివర్లో ఒక వాక్యం ఉంటుంది, ఏదైనా ప్రమాదం జరిగితే పూర్తి బాధ్యత మాదేనని. పిల్ల పోటీకి వెళ్తోందన్న సంబరంలో తండ్రి దాన్ని చదవకుండానే సంతకం చేస్తాడు, చదివినా కాదనలేడు. లాభంలో అందరికీ వాటా ఉంచి, నష్టాన్ని మాత్రం ఒక్క ఇంటి పేరున రాసే కాగితం అది. కబడ్డీ కోర్టులో ఆ పిల్ల కూత పెట్టింది బడి పేరు వేసిన బనీను తొడుక్కునే కదా.

ఆ నష్టం ఎంతన్నది ఆస్పత్రి బిల్లు చూసి అంచనా వెయ్యలేం. కింద పడి మోచేతి పైన ఎముక విరిగిన పదేళ్ల పిల్లను తీసుకుందాం. కట్టు వేసిన మొదటి రాత్రి ఆ తల్లి కన్ను మూయదు. లోపల వాపు పెరిగి కట్టు బిగుసుకుంటే రక్తం ఆడదు. అది కొన్ని గంటల్లో పసిగట్టకపోతే కండరాలు చచ్చి చెయ్యి శాశ్వతంగా వంకర పోవచ్చు. అందుకని ఉండుండి ఆమె కట్టు బయటికి కనిపించే వేలిగోరు నొక్కి వదలాలి, తెల్లబడిన చోటికి ఎరుపు వెంటనే తిరిగొస్తోందో లేదో చూడాలి. వేళ్లు చల్లబడ్డాయా, నీలం తిరిగాయా, పిల్ల వాటిని కదపగలుగుతోందా, మందిచ్చినా నొప్పి పెరుగుతూనే ఉందా అని కనిపెట్టుకుని ఉండాలి. తేడా కనిపిస్తే నర్సును లేపి డాక్టరును పిలిపించాలి. ఒక్క నర్సు ఎన్నో మంచాలు చూసుకునే పెద్దాస్పత్రుల్లో ఈ కాపలా చాలావరకు తల్లి మీదే పడుతుంది. తొడ ఎముక విరిగిన కుర్రాడైతే పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, మంచం మీదే మలమూత్రాలు తీయడం, సిగ్గుతో కుంచించుకుపోయే ఆ వయసు పిల్లవాణ్ణి బుజ్జగించడం అన్నీ ఇంటివాళ్లే చెయ్యాలి. వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. ఆడపిల్ల అయితే రాత్రిపూట తల్లే ఉండాలి, తండ్రి వరండాలో దుప్పటి పరుచుకుంటాడు. అతను తాపీ పనికి పోయేవాడో, అద్దె ఆటో నడిపేవాడో, ఆమె మిరప కోతలకు వెళ్లేదో అయితే పోని రోజుకు కూలి లేదు. అంటే ఆ ఇంటికి ఇద్దరి కూలీ ఒకేసారి ఆగిపోతుంది. ఇంటి దగ్గర చిన్నవాడు పొరుగింట్లో తింటూ ఉంటాడు. టీలు, టిఫిన్లు, ఆటో చార్జీలు, బయట కొనుక్కురమ్మని రాసిచ్చిన మందుల చీటీలు. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. పదిహేను రోజులు వరసగా పడితే మాత్రం చెవికమ్మలు తాకట్టుకు పోతాయి.

పక్కన తల్లో తండ్రో ఉండటం చికిత్సలో భాగమన్న సంగతి వైద్యరంగం చాలాకాలం క్రితమే ఒప్పుకుంది. ఒకప్పుడు బ్రిటన్ ఆస్పత్రుల్లో పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను వారానికి కొద్ది గంటలే రానిచ్చేవారు. తల్లికి దూరమైన రెండేళ్ల పాప ఆస్పత్రిలో ఎలా కుంగిపోతుందో 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ సినిమా తీసి డాక్టర్లకు చూపించాడు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, పిల్లలున్న చోటికి తల్లిదండ్రులను ఏ వేళప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది. ఆ ఆలోచన తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మన దగ్గర అటెండెంటు లేకుండా వార్డు నడవనే నడవదు కాబట్టి ఈ చర్చే రాలేదు. కానీ తల్లి ఉండటం చికిత్సలో భాగమే అయితే ఆ పదిహేను రోజులు ఆమె పోగొట్టుకున్న కూలి కూడా చికిత్స ఖర్చే కావాలి. ఆ లెక్క మన ఏ బిల్లులోనూ కనిపించదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్నది మొదట వినవచ్చే అభ్యంతరం. ఉంది, అది లేకపోతే ఈ కుటుంబాల గతి ఇంకా ఘోరంగా ఉండేది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు పెంచాయి. ఆంధ్రలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అయితే పరిమితి పది లక్షలైనా పాతిక లక్షలైనా అది కొలిచేది ఆపరేషన్‌ను, మంచాన్ని, మందును. తండ్రి మానుకున్న పనిని, ఇంటికెళ్లాక మూడు నెలల పాటు వారానికి రెండుసార్లు పట్నంలో ఫిజియోథెరపీకి తిరిగే బస్సు చార్జీలను కొలవదు. ఈ ఖాళీ ఉందని ప్రభుత్వానికి తెలియక కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కోలుకుంటున్న రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు ఐదు వేలు మించకుండా ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ మొత్తం చాలుతుందా లేదా అన్నది వేరే మాట. డిశ్చార్జి అయిన రోజుతో వైద్యం అయిపోదు, ఇల్లు గడవడం కూడా వైద్యంలో భాగమే అన్న సూత్రాన్ని ఒక ప్రభుత్వం జీవో ఇచ్చి మరీ అంగీకరించిందన్నది ఇక్కడ ముఖ్యం. ఆ సూత్రాన్ని మంచాన పడ్డ పిల్లవాడి పక్కన కూర్చున్న మనిషికి కూడా వర్తింపజెయ్యమనే ఇప్పుడు అడుగుతున్నది. ఇక ఆరోగ్యశ్రీ వర్తించని ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిన కుటుంబం ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఒరిజినల్ బిల్లులు పట్టుకుని ఎమ్మెల్యే కార్యాలయం చుట్టూ తిరగాలి. పిల్లవాణ్ణి చూసుకోవలసిన మనిషి కాగితాలు చూసుకుంటూ ఉంటాడు.

మన బీమా పథకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి ఇరవై రూపాయలకే రెండు లక్షల ప్రమాద బీమా ఇస్తుంది, అయితే 18 ఏళ్లు నిండినవారికే. తెలంగాణ రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల మధ్య వారికి. సంపాదించే మనిషి పోతే ఇల్లు కూలిపోతుందన్న ఆలోచనతో అవి వచ్చాయి, అందులో తప్పు లేదు. కానీ సంపాదించని పిల్లవాడు మంచాన పడ్డా ఇల్లు కూలబడుతుందని వాటికి తట్టలేదు. క్రీడాకారుల సంగతికి వస్తే, 2021లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా పదమూడు వేల మందికి పైగా క్రీడాకారులకు, కోచ్‌లకు, సిబ్బందికి ఒక్కొక్కరికి ఐదు లక్షల ఆరోగ్య బీమా, పాతిక లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మంచి పని. ఆ స్థాయికి చేరినవారికి రక్షణ దొరికింది. ఆ మెట్టు ఎక్కాలని మండల మైదానాల్లో మోకాళ్లు కొట్టుకుపోయేలా ఆడుతున్న లక్షల మంది పిల్లలకు దొరకలేదు. సమగ్ర శిక్ష కింద ఆట వస్తువుల కోసం ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి ఐదు వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు పది వేలు, ఉన్నత పాఠశాలకు పాతిక వేల వరకు ఇచ్చే ఏర్పాటుంది. బంతికి, నెట్టుకు, డిస్కస్‌కు పద్దు ఉన్నట్టే, ఆ బంతి తగిలి ముక్కు పగిలిన పిల్లవాడికీ ఒక పద్దు ఉండాలి.

ఇది కోరరాని కోరిక కాదు. జపాన్‌లో 1960 నుంచి ఇలాంటి పద్ధతి నడుస్తోంది. బడిలో గానీ, బడి తరఫున ఆడుతూ గానీ, బడికి వస్తూ పోతూ గానీ పిల్లవాడికి దెబ్బ తగిలితే అక్కడి స్పోర్ట్ కౌన్సిల్ నడిపే పరస్పర సహాయ నిధి కుటుంబానికి డబ్బు చెల్లిస్తుంది. ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో ఒక్కో పిల్లవాడికి ఏడాదికి వెయ్యి యెన్‌లలోపు చందా. అందులో కొంత తల్లిదండ్రులు, కొంత బడి నడిపేవారు భరిస్తారు. దాదాపు పిల్లలందరూ అందులో చేరి ఉన్నారు. ఈ పద్ధతిలో గమనించాల్సిన విశేషం ఒకటుంది. ఆ దేశంలో ఆరోగ్య బీమా పోను కుటుంబం చేతి నుంచి సాధారణంగా మొత్తం వైద్య ఖర్చులో మూడు పదో వంతులు పడుతుంది. నిధి మాత్రం నాలుగు పదో వంతులు ఇస్తుంది. ఎక్కువగా ఇచ్చే ఆ ఒక్క వంతు, వైద్యం వెంట వచ్చే చిల్లర మల్లర ఖర్చుల కోసం. వరండాలో పడుకున్న తండ్రి తాగిన టీని, ఎక్కిన బస్సును ఆ దేశం లెక్కలో వేస్తోందన్న మాట. న్యూజిలాండ్‌లోనైతే 1974 నుంచి తప్పు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా ఆట దెబ్బలతో సహా ప్రమాద గాయాలకు ప్రభుత్వ సంస్థే చికిత్స ఖర్చు చూస్తోంది. అవి ధనిక దేశాలు, మనకెక్కడిది అనవచ్చు. కానీ ఆపరేషన్ ఖర్చు అనే పెద్ద భాగాన్ని మన రెండు రాష్ట్రాలూ పేద కుటుంబాలకు ఇప్పటికే భరిస్తున్నాయి. మిగిలింది అటెండెంటు రోజు కూలి, దారి ఖర్చు. బడి పిల్లలందరి మీదా పంచితే అది తల ఒక్కింటికి చిన్న మొత్తమే అవుతుంది.

నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం మరొకటి. బడి మీద బాధ్యత పెడితే బడులు ఆటలే మానిపిస్తాయి, అసలే మైదానాలు లేని ప్రైవేటు బడులకు ఇదో సాకు దొరుకుతుంది అంటారు. ఈ భయం తీసిపారేసేది కాదు. కానీ బాధ్యత అంటే హెడ్‌మాస్టరు జేబులోంచి కట్టడమో, పీఈటీ మీద కేసు పెట్టడమో అయినప్పుడే ఆ భయానికి అర్థముంది. నష్టాన్ని అందరి మీదా పంచిన చోట ఎవరూ భయపడనక్కర్లేదు. జపాన్ బడుల్లో ఈ నిధి వచ్చాక ఆటలు ఆగిపోలేదు, సాయంత్రం క్లబ్బులు అక్కడి బడి జీవితంలో పెద్ద భాగంగా కొనసాగాయి. రక్షణ లేని చోటే దాపరికం పెరుగుతుంది. తల తిరుగుతోందన్న పిల్లవాణ్ణి నీళ్లు చల్లి నీడలో కూర్చోబెట్టడం, ఆస్పత్రికి తీసుకెళ్లడానికి తటపటాయించడం, ఇంటికి ఆలస్యంగా ఫోన్ చెయ్యడం, బడిలో జరిగిందని రాయించవద్దని బతిమాలడం, ఇవన్నీ నేరం తన మీద పడుతుందన్న బెదురు నుంచి పుట్టేవే. ఇంకో సంగతి, ఇప్పుడున్న పద్ధతే ఆటలను చంపుతోంది, ముఖ్యంగా ఆడపిల్లల ఆటలను. బంధువులంతా వద్దంటున్నా కూతుర్ని కబడ్డీకి పంపిన తండ్రి, ఆ పిల్ల కాలు విరిగిన రోజు ఆస్పత్రి వరండాలో ఎన్ని మాటలు పడాలో మనకు తెలియనిది కాదు. ఆడపిల్లకు ఆటలేమిటని మేము మొదటే చెప్పలేదా, రేపు పెళ్లికి ఎవరు చేసుకుంటారు అంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అది. ఆ మాటలకు ఎదురు నిలిచి, మా బడి పిల్ల, మేమున్నాం అని హెడ్‌మాస్టరు పది మందిలో అంటే ఆ ఇంట్లో చెల్లెలి ఆట ఆగదు. అనేవాళ్లు లేకపోతే అక్క కట్టు విప్పేలోగా చెల్లెలి బూట్లు అటక ఎక్కుతాయి.

జనం ఎలాగూ సాయం చేస్తున్నారు, వాట్సాప్‌లో ఒక్క పోస్టు పెడితే లక్షలు వస్తున్నాయి, దీనికి నిధులూ నిబంధనలూ ఎందుకు అనేవారూ ఉన్నారు. అలా ఇచ్చేవాళ్లందరికీ దండం పెట్టాలి. అయినా ఆ డబ్బు ఎవరికి చేరుతోందో చూడండి. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో ఉండే కుటుంబానికి, విదేశాల్లో బంధువులున్న ఇంటికి పోస్టు తయారు చేసేవాళ్లూ, పది గ్రూపుల్లో పంచేవాళ్లూ ఉంటారు. ఉట్నూరు దగ్గర గూడెంలోనో, పాడేరు కొండల మీదో ఉన్న ఇంటికి ఆ దారి తెలియదు. పైగా డబ్బు రావాలంటే ముక్కులో గొట్టంతో, తలకు కట్టుతో పడున్న పిల్లవాడి ఫొటో పెట్టాలి. వాడు కోలుకుని పదో తరగతికి వెళ్లాక కూడా ఆ ఫొటో ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. సాయం పొందడం కోసం ఒక పసివాడు తన దైన్యాన్ని ఊరంతటికీ చూపించుకోవలసిన అవసరం ఉండకూడదు. దాతృత్వం హక్కు మీద అదనంగా రావాలి, హక్కు లేని లోటును పూడ్చే పని దాని నెత్తిన పెట్టకూడదు.

ఆటలో ఉన్నవాళ్లే ఆ బాధ్యతను తలకెత్తుకున్న ఉదాహరణ క్రికెట్ చరిత్రలో ఉంది. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి పుర్రె చిట్లింది. రక్తం కావలసి వస్తే ఇచ్చినవారిలో మన ఆటగాళ్లతో పాటు ప్రత్యర్థి వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఉన్నాడు. కాంట్రాక్టర్ బతికాడు, మళ్లీ టెస్టు ఆడలేకపోయాడు. బెంగాల్ క్రికెట్ సంఘం ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 3న వొరెల్ పేరుతో రక్తదాన శిబిరం నిర్వహిస్తోంది. ఈ సంగతిని క్రీడాస్ఫూర్తి అని మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు. మన బ్లడ్ బ్యాంకుల్లో రక్తం తీసుకుంటే బదులుగా మరొకరిని తెచ్చి ఇప్పించమంటారు. పరాయి ఊళ్లో ఉన్న తండ్రికి ఆ ‘మరొకరు’ ఎక్కడ దొరుకుతారు? పోటీ నిర్వహించినవారు, ఎదుటి జట్టు బడి సిబ్బంది ముందుకొస్తే ఆ రాత్రే ఒక బరువు దిగుతుంది. ఇక్కడే చెప్పుకోవలసిన ఇంకో పిల్లవాడున్నాడు. పట్టు పట్టి కింద పడేసినవాడు, బంతి వేసినవాడు. వాడు కావాలని చేసింది కాదు, అయినా నిద్రపోలేడు. 2014 నవంబరులో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్ బౌన్సర్ తగిలి రెండు రోజులకు చనిపోయినప్పుడు ఆస్ట్రేలియా క్రికెట్ లోకం ఆ బంతి వేసిన షాన్ అబాట్‌ను నిందించలేదు, వెన్నంటి నిలిచింది. పధ్నాలుగేళ్ల పిల్లల విషయంలో ఆ పని ఇంకా అవసరం. రెండు ఇళ్ల మధ్య పగ పుట్టకుండా చూడాల్సింది కూడా బడి పెద్దలే.

సాయమంటే డబ్బొక్కటే కాదని అందరం అంటాం, మరి ఇంకేమిటి అన్న దగ్గర ఆగిపోతాం. ఆ ఇంటికి ముందుగా కావలసింది తక్కువ మాటలు, ఎక్కువ చేతులు. వచ్చిన ప్రతివాళ్లకూ ఎలా పడ్డాడో మొదటినుంచి చెప్పడంతోనే తల్లి సగం నీరసించిపోతుంది. ఒకరు నాటువైద్యుల పుత్తూరు కట్టు కట్టించమంటారు, ఒకరు కార్పొరేట్ ఆస్పత్రికి మార్చమంటారు, మరొకరు తమ బావమరిది కొడుక్కి ఇలాగే జరిగి కాలు పోయిందని చెబుతారు. ఆస్పత్రిలో రక్తప్రసరణ కనిపెట్టి చూస్తున్న చేతికి కట్టు విప్పించి గట్టిగా బిగించి కట్టించమని సలహా ఇవ్వడం ఎంత ప్రమాదమో పైన చెప్పుకున్నాం. డాక్టరు చెప్పింది కుటుంబానికి అర్థమయ్యేలా ఒక్కరు, ఆ ఒక్కరే, విని చెబితే చాలు. ఒక రాత్రి తల్లి బదులు వార్డులో కూర్చోగల ఆడమనిషి, చిన్నవాణ్ణి బడికి తయారు చేసి పంపే పొరుగింటి అక్క, ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు తిప్పగల చదువుకున్న కుర్రాడు ఐదు వందల నోటు కంటే ఎక్కువ పనికొస్తారు. కోచ్‌లకు కూడా ఒక మాట. మంచం పక్కన నిలబడి, వచ్చే నెల జిల్లా పోటీలు, నువ్వు లేకపోతే జట్టు లేదు అనడం పిల్లవాడికి ఉత్సాహమిస్తుందని అనుకోవద్దు. అది వాణ్ణి నొప్పి దాచుకోమని చెప్పడమే. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ల జాకరీ లిస్టెడ్ట్ తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ దిగి కుప్పకూలాడు. 2009లో అతని పేరుతో చట్టం వచ్చింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న పిల్లవాణ్ణి వెంటనే ఆట నుంచి తప్పించాలి, వైద్యుడు రాసివ్వనిదే మళ్లీ దించకూడదు. తర్వాత ఆ దేశంలోని అన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టాలు చేసుకున్నాయి. మన పోటీలకు ఇలాంటి నియమం పెట్టడానికి ఖర్చు ఏమీ లేదు.

చదువు సంగతి బడి చేతిలోనే ఉంది. మూడు నెలలు మంచాన ఉన్న పిల్లవాడు పాఠాల్లో వెనకబడితే తల్లిదండ్రులు ఆటనే తిట్టుకుంటారు. వారానికోసారి ఒక టీచరో, తోటి విద్యార్థో ఇంటికెళ్లి నోట్సు ఇచ్చి రావడం, హాజరు తగ్గినందుకు ఇబ్బంది లేకుండా ముందే కాగితాలు పంపడం, పరీక్షల నాటికి రాసే చెయ్యి కట్టులో ఉంటే బదులు రాసిపెట్టే స్క్రైబ్ కోసం దరఖాస్తు చెయ్యడం బడి చెయ్యాల్సిన పనులు. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉండి చదివే పిల్లలకు దెబ్బ తగిలితే తల్లిదండ్రులు ఎంతో దూరం నుంచి రావాలి, అక్కడ వాళ్లకు తెలిసినవాళ్లు ఉండరు. వాళ్ల బస, భోజనం చూడటం ఆ సంస్థ పనే కావాలి. పీఈటీలకు ఇప్పటికే తలకు మించిన పని ఉంది, కొన్ని బడుల్లో పీఈటీయే లేరు, ఇవన్నీ ఎవరు చూస్తారు అని అడగవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అందులోంచి ఇద్దరిని ఏటా జూన్‌లోనే ఈ పనికి నియమించవచ్చు. దెబ్బ తగిలిన రోజున ఎవరు వెంట వెళ్లాలి, ఆరో వారంలో ఎవరు ఇంటికెళ్లి చూడాలి అన్నది ముందే తేల్చి రాసుకున్న బడి, ఆ రోజున కంగారుపడదు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక్కొక్క ఉత్తర్వుతో ఈ పని మొదలుపెట్టవచ్చు. స్కూల్ గేమ్స్ ఎంట్రీ ఫారం తీసుకునేటప్పుడే ప్రతి పిల్లవాడికీ ప్రమాద రక్షణ ఉండాలి. అందులో అటెండెంటు రోజు కూలి, ఫిజియోథెరపీ ప్రయాణం, రెండో ఆపరేషన్ చేరాలి. బాధ్యత తల్లిదండ్రులదే అన్న వాక్యాన్ని ఫారాల నుంచి తీసెయ్యాలి. ప్రభుత్వాలు కదిలేదాకా తల్లిదండ్రులు చెయ్యగల పని ఒకటుంది. ఈసారి మండల పోటీలకని మీ పిల్ల ఆ కాగితం తెచ్చినప్పుడు వెంటనే సంతకం పెట్టకండి, పిల్లను ఆపనూ వద్దు. బడికి వెళ్లి, దెబ్బ తగిలితే మా వెంట ఎవరు వస్తారు, ఎన్నాళ్లు ఉంటారు, ఖర్చు ఎవరు చూస్తారు అని అడగండి. ఆ జవాబును అదే కాగితం మీద రాయించి, హెడ్‌మాస్టరు సంతకం కూడా పెట్టించండి.